దొరబాబు తొడుక్కున్న నల్లకోటు

అలా గుమ్మంలో నిలబడిపోకండి. లోపలికి వచ్చి ఈ చాప మీద నా పక్కనే కూర్చోండి, ఫ్యాను గాలి ఇక్కడిదాకానే వస్తుంది. కూర్చున్నారా? అయితే వినండి. ఇవాళ పొద్దున్న నా కూతురు నన్నొక మాట అంది. ఆ మాటకి వచ్చిన కోపం ఇంకా దిగలేదు. మీకు చెప్పుకుంటే తప్ప దిగేలా కూడా లేదు. అదేదో ఫోనులో చూసి నల్ల జీన్సు కోటు ఒకటి తెప్పించుకుంది. (జాకెట్టు అనాలట. నేను కోటనే అంటాను, నా ఇష్టం.) దాన్ని మంచం మీద పరిచి, ఫోనులో ఎవరో పిల్ల చెబుతున్నట్టుగా తెల్ల బనీను మీద ఒకసారి, పువ్వుల గౌను మీద ఒకసారి, నా పెట్టెలోంచి లాగిన చీర మీద ఒకసారి వేసి చూసుకుంటోంది. నేను ఊరుకోలేక, "లోపల లేతరంగు వెయ్యవే, నలుపు తేలుతుంది" అన్నాను. "అబ్బా, నీకేటి తెలుసమ్మా స్టైలింగు సంగతి? నువ్వూరుకో" అంది. నాకు! స్టైలింగు సంగతి! నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద అచ్చం ఇలాంటి నల్లకోటునే కట్టి, వచ్చేపోయే ఊరంతా ఆగి దణ్ణం పెట్టుకునేలా చేసిన నాకు!

ఆ రోజుల్లో బట్టలు కొనడమంటే ఇలా మంచం మీద ఒక్కరూ కూర్చుని వేలితో నొక్కే పని కాదు. ఇంటిల్లిపాదీ కలిసి షాపుకి వచ్చేవారు. ఒకరు రంగు చూసేవారు, ఒకరు గుడ్డ లాగి చూసేవారు, ఒకరు ముక్కు దగ్గర పెట్టుకుని గంజి ఎంత పట్టించారో చెప్పేవారు, ఎవరికోసం కొంటున్నారో ఆ పిల్లాడు మాత్రం బయట నిలబడి సోడా తాగేవాడు. అలాంటి ఒక రెడీమేడు షాపులో, నాకు ఇంకా పెళ్ళికాని రోజుల్లో, పనికి చేరాను. చదువు నాకు అబ్బలేదు. తొమ్మిదో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరం భరించలేక పెద్దమనుషుల్లా విడిపోయాం. షాపులో నా పని వెనక గదిలో. కస్టమర్లు విప్పి పారేసిన చొక్కాలకి మళ్ళీ అట్ట పెట్టి, మడతపెట్టి, సూదులు గుచ్చడం. వెనకగది వాళ్ళని పండగ సీజను అవగానే పంపేసేవారు. ముందు కౌంటరు మీద నిలబడేవాళ్ళనైతే ఏడాదంతా ఉంచేవారు. మా అమ్మ జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టేది. ఆ జీడి రసం పడి ఆవిడ వేళ్ళు నల్లగా కాలిపోయి, తోలు లేచిపోయి ఉండేవి. అన్నం కలుపుకుంటే పులుసు మంటపెట్టి పెదవి కొరుక్కునేది. సీజను అయ్యాక నేనూ అక్కడికే వెళ్ళాలని ఇంట్లో అనేసుకున్నారు. నా మటుకు నేను ఎలాగైనా ఆ కౌంటరు ఎక్కాలనుకున్నాను.

షాపు ఆయన్ని అందరం షావుకారుగారు అనేవాళ్ళం. దేవుడికీ, టాక్సు ఆఫీసు వాళ్ళకీ తప్ప ఇంకెవరికీ భయపడే మనిషి కాదు. ఆయన బావమరిది ఒకడుండేవాడు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేసుకుని తిరిగేవాడు కానీ దాంతో ఎవరినీ కొలవగా నేను చూడలేదు. మేం వెనకాల టేపుబాబు అనేవాళ్ళం. ఒకరోజు జీన్సు ప్యాంట్ల బేలు విప్పితే అందులో పొరపాటున వచ్చిన నల్ల జీన్సు కోటు ఒకటి బయటపడింది. ఒకే ఒక్క పీసు. ఇంకా ఉక్కపోత తగ్గలేదు. షావుకారుగారు దాన్ని చచ్చిన పిల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే నేను, కడుపులో మాట ఆగక, "నన్ను కౌంటరు మీద పెట్టండయ్యా" అని అడిగాను.

"ఏటే అమ్మీ, నీకు కౌంటరు కావాలా?" అని కోటు నా మీదకి విసిరారు. "సంక్రాంతి స్టాకు దిగేలోగా ఇది అమ్ము. అమ్మితే కౌంటరు నీది. లేదా, మీయమ్మతో పాటు జీడిపిక్కలకి ఎల్లిపో."

"బావా, పాపం పిల్ల, బెంగెట్టుకుంటాది" అని టేపుబాబు నవ్వాడు.

చూడండి న్యాయం! కోటు తెప్పించింది నేనా? ఉక్కపోత తెప్పించింది నేనా? సరే, అననివ్వండి అనుకుని పనిలో దిగాను. షాపు ముందు అద్దాల వెనక ఒక మగబొమ్మ ఉండేది. గులాబీరంగు మొహం, పిల్లికళ్ళు, ఎడమచేతికి చిటికెన వేలు లేదు. దానికి దొరబాబు అని పేరు. ముందు తెల్లచొక్కా మీద కోటు వేసి, నీలం ప్యాంటు తొడిగాను. నా కంటికి పెళ్ళికొడుకులా కనిపించాడు. రోడ్డు మీద పోయే వాళ్ళు మాత్రం లోపలికి తల పెట్టి, "ఏటమ్మా, మీ దొరబాబుకి సలిజొరమా?" అని అడిగి పోయేవారు. మర్నాడు గళ్ళలుంగీ మీద వేశాను. ఆటోలవాళ్ళు ఆటోలు ఆపుకుని మరీ చూశారు. "ఈ ప్లీడరు మా బావ భూమి కేసు గెల్సీసినట్టున్నాడ్రా" అని ఒకడంటే, "లుంగీ సూస్తే ఓడిపోయినట్టే ఉంది" అని ఇంకొకడు. ఒక్కడంటే ఒక్కడు ధర అడగలేదు.

ఆ తర్వాత తల లేని ఆడబొమ్మ ఒకటుంటే, దానికి బంతిపువ్వురంగు పరికిణీ, ఓణీ కట్టి, పైన ఈ కోటు బొత్తాలు పెట్టకుండా వదిలాను. (ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో చూసి కడుతున్నది అదే! నేను ఏ ఫోనూ చూడకుండా కట్టాను!) అప్పుడే ఒకావిడ కూతురి వేడుకకి బట్టలు కొందామని గుమ్మం ఎక్కి, బొమ్మని చూసి ఎక్కిన కాలు దించేసింది. "శుభమా అని గుడ్డలకొస్తే ఎదర నల్లగుడ్డ ఏలాడేత్తారేటి? ఎవులైనా పోయారా ఈ కొట్లో?" అని అరిచి ఎదురు షాపుకి వెళ్ళిపోయింది. షావుకారుగారు నన్ను తిట్టిన తిట్లు పక్కనున్న మందుల షాపు దాకా వినిపించాయట. నాకు ఒళ్ళు మండిపోయింది. నలుపు పనికిరాదా? కళ్ళకి పెట్టే కాటుక నలుపు కాదా? మెడలో నల్లపూసలు నలుపు కాదా? మా అమ్మ వేళ్ళు నల్లగా కాలితేనే కదా, మీ పెళ్ళిళ్ళలో పాయసంలోకి జీడిపప్పు తెల్లగా వస్తున్నది! అవన్నీ శుభమే, నా కోటు మాత్రం అశుభం!

ఆ కోపంలోనే తెగించాను. నలుపే తప్పయితే మొత్తం నలుపే చూపిస్తాను అనుకున్నాను. దొరబాబుకి నల్లచొక్కా, నల్లప్యాంటు, పైన నల్లకోటు వేశాను. ఇంకా ఏదో తక్కువైనట్టు అనిపించింది. బస్టాండు దగ్గర సెల్లుల్లోకి పాటలు ఎక్కించే కుర్రాడు మెడలో చెక్కపూసల దండ వేసుకుని షోగ్గా తిరిగేవాడు. అలాంటిదే ఫ్యాన్సీ షాపులో కొనుక్కొచ్చి దొరబాబు మెడలో వేశాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. నిజం చెబుతున్నాను, అంత అందగాడు నర్సీపట్నంలో ఆ రోజున ఇంకొకడు లేడు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. కార్తీకమాసంలో ఒంటినిండా నల్లబట్టలు, మెడలో పూసలు, ఆ మాత్రం తట్టలేదా అని. తట్టలేదు! అయ్యప్పస్వాములు జీన్సు కోటు వేసుకోగా మీరు ఎక్కడైనా చూశారా? ప్యాంటుకి బెల్టు కూడా పెట్టాను. అది నా తప్పని అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

షావుకారుగారి అమ్మగారు రోజూ పొద్దున్న షాపు తెరవగానే వచ్చి గల్లాపెట్టెకీ, గడపకీ, కత్తెరకీ బొట్లు పెట్టి అగరొత్తులు తిప్పేవారు. మేం మామ్మగారు అనేవాళ్ళం. ఆవిడకి కంట్లో శుక్లాలు. ఆ పొద్దున్న అగరొత్తులతో తిరుగుతూ దొరబాబు ముందు ఆగిపోయారు. "ఎవరు నాయనా, స్వామివా? పొద్దున్నే వొచ్చి అలా నిలబడిపోయావేటి, కూకో" అన్నారు. దొరబాబు కూర్చోలేదు. "దీక్షలో ఉన్నోళ్ళు అంతేలే, మాటాడరు" అని ఆవిడే సర్దిచెప్పుకుని, నుదుట గంధం పెట్టి, కుంకుమ అద్ది, రెండు చేతులూ ఎత్తి "స్వామియే శరణమయ్యప్పా" అన్నారు. నేను వెనకగదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆ సమయానికే పూజ ముగించుకుని రోడ్డు మీద పోతున్న స్వాములు అటు తిరిగి "శరణమయ్యప్పా" అని అందుకున్నారు. వాళ్ళని చూసి కూరగాయల బండివాడు అందుకున్నాడు. ఇంక చెప్పేదేముంది?

ఆ స్వాములకి పెద్ద, గురుస్వామిగారు, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. శరణుఘోష చెప్పినా నాకు "రైట్ రైట్" అన్నట్టే వినిపించేది. ఆయన లోపలికి వచ్చి, దొరబాబు చుట్టూ తిరిగి, విరిగిన వేలు కూడా పరీక్షగా చూశారు.

"బొమ్మే. కాదన్ను. కానీ మెళ్ళో మాల పడింది, నుదుట గంధం పడింది, పెద్దావిడ నోటంట శరణం పడింది. ఇంకేటి మిగిలింది సెప్పండి?"

"ఇప్పుడేం చెయ్యమంటారు స్వామీ?" అన్నారు షావుకారుగారు. అప్పటికే చేతులు కట్టేసుకున్నారు.

"మండలం గడవనీండి. నేను కొండకెళ్ళొచ్చి పద్ధతి ప్రకారం తీయిస్తాను. ఈలోగా ఎవులూ కదపకండి. కొట్లో నీసు ఒద్దు. సెప్పులు బయట."

"బొమ్మకి దీక్షేటండీ..." అని టేపుబాబు నసిగాడు.

"అలాంటి మాట నీ నోటంట రానీకు స్వామీ, ఆనక అనుభవించీది నువ్వే."

"అయ్యా, ఆ కోటు నేను అమ్మాలి కదండీ" అన్నాను. "స్వామి ఒంటిమీద కోటు అమ్ముతావేటే, కళ్ళు పోతాయ్!" అని షావుకారుగారు ఒంటికాలి మీద లేచారు. మొన్న అమ్మమన్న నోరు కూడా అదే!

ఆ రోజు నుంచి మా షాపు షాపులా లేదు. టేపుబాబు రోజూ కారియరులో నెత్తళ్ళ చేపల ఇగురు తెచ్చుకునేవాడు. ఇప్పుడు మజ్జిగన్నం ముందు పెట్టుకుని దొరబాబు వంక చూసే చూపు ఉందే, అది మాత్రం నాకు కొంచెం ఓదార్పుగా ఉండేది. గొడవపడేవాళ్ళు కూడా స్వామీ అనే గొడవపడాలి. "ఏం స్వామీ, ముప్పై ఆరు సైజు అడిగితే ముప్పై నాలుగిత్తారా స్వామీ, కళ్ళు దొబ్బాయా స్వామీ?" అని కస్టమరు అంటే, "నోరు జాగ్రత్త స్వామీ" అని మావాళ్ళు. స్వామికి చన్నీళ్ళ స్నానం తప్పదు కదా, బొమ్మకి తడిగుడ్డతో తుడిస్తే చాలని గురుస్వామిగారు వెసులుబాటు ఇచ్చారు. ఆ తుడిచే పని ఎవరికి పడిందో మీరే ఊహించుకోండి. పొద్దున్నే లేచి చలిలో వచ్చి నేను దొరబాబు మొహం తుడుస్తుంటే, ఆ పిల్లికళ్ళు వేసుకుని నా వంకే చూసేవాడు, ఏమీ ఎరగనట్టు. కోటుతో సహా కొండకి తీసుకెళ్ళాలా వద్దా అని కూడా చర్చ జరిగింది. "టికెట్టు లేకుండా నేను ఎవుల్నీ ఎక్కించను" అని గురుస్వామిగారు తేల్చేశారు. లేకపోతే నా కోటు శబరిమల కూడా చూసి వచ్చేది.

అసలు కోపం ఇంకోటి ఉంది. దొరబాబు స్వామి మాట ఊళ్ళకి పాకిపోయి, గొలుగొండ నుంచి, రావికమతం నుంచి జనం రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? నల్లచొక్కాలు, నల్లపంచెలు, నల్లతువ్వాళ్ళు, షాపులో నల్లగా ఉన్నదల్లా అమ్ముడుపోయింది, నా కోటు తప్ప! ఎవరైనా పొగిడితే టేపుబాబు టేపు సవరించుకుని, "అవిడియా ఎవుల్దనుకున్నారు?" అనేవాడు. నేను వెనకగదిలో కూర్చుని సూదులు చొక్కాలకి గుచ్చాలో వాడికి గుచ్చాలో తెలియక అవస్థపడేదాన్ని. ఇంటికెళ్తే అమ్మ, "నీ కోటు ఏటైందే?" అని అడిగేది. "దీక్షలో ఉందమ్మా" అంటే ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. షెడ్డు మేస్త్రీతో నా గురించి మాట్లాడి ఉంచానని కూడా చెప్పింది.

చివరికి గురుస్వామిగారు కొండకెళ్ళి వచ్చారు. ప్రసాదం పంచి, దొరబాబు ముందు నిలబడి, "మాల తల్లి సేత్తో తీయించాలి. దీనికి తల్లెవులు?" అన్నారు. షాపు నిండా జనం. టేపుబాబు మెల్లగా, "గుడ్డలు తొడిగింది ఈ పిల్లేనండి" అన్నాడు. (అవిడియా మాత్రం వాడిది, తొడిగింది నేను!)

"తొడిగిన సెయ్యే తల్లి సెయ్యి. రామ్మా, బేగి రా" అన్నారు గురుస్వామిగారు.

"నాకింకా పెళ్ళే అవలేదండీ!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. చేసేదేముంది, మాల తీశాను. ఆ క్షణం నుంచి బజారులో నా పేరు దొరబాబు వాళ్ళమ్మ అయిపోయింది. నాకు నిజంగా పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా, "ఏమ్మా, పెద్దబ్బాయి బాగున్నాడా?" అని అడిగారంటే మీరే ఆలోచించండి.

మాల గురుస్వామిగారి చేతికిచ్చి, కోటు విప్పి మడతపెడుతుంటే షావుకారుగారు వచ్చారు. "సంక్రాంతి స్టాకు రేపు దిగుతుంది. కోటు అమ్మావా? లేదు. మాటంటే మాటే. ఇయ్యాల్టితో సరి" అన్నారు. అప్పుడు నాలో ఇన్నాళ్ళ నుంచి కుక్కి పెట్టినదంతా ఒక్కసారి పొంగింది. మామూలుగా వెనకగది దాటి గొంతు విప్పని దాన్ని, నడిచి వెళ్ళి ఏకంగా ముందు కౌంటరు ఎదుట నిలబడ్డాను.

"నా తప్పేటండీ? అమ్మమన్నదీ మీరే, అమ్మొద్దన్నదీ మీరే! బొట్టెట్టింది మీ అమ్మగారు, దీక్షన్నది గురుస్వామిగారు, తుడిసింది నేను! కొట్లో నలుపంతా అమ్ముడైంది ఎవుల వల్ల? ఈ కోటుకేటండీ తక్కువ?" అంటూ కోపంలో ఆ కోటు నా ఓణీ మీదే తొడిగేసుకున్నాను. "ఇదిగో, ఇలాగ బొత్తాలెట్టుకుంటే సలికి! ఇలాగ ఒదిలేసుకుంటే షోకుకి! ఇలాగ నడుంకి కట్టుకుంటే ఎండకి! ఇలాగ బుజాలమ్మట ఏసుకుంటే పెళ్ళికైనా ఎల్లొచ్చు, ఎవులేటంటారో నేనూ సూస్తాను! సేతులు మడిసి సూడండి, లోపల కుట్టు సూడండి, ఊడితే నాదే పూచీ!"

చూసుకోలేదు కానీ, ప్రసాదానికి వచ్చిన వాళ్ళూ, రోడ్డు మీద పోయేవాళ్ళూ అందరూ గుమ్మం దగ్గర మూగిపోయారు. అందులోంచి ఒక ముసలామె ముందుకు వచ్చింది. లంబసింగి పోయే ఘాటీలో జీపులు ఆగే మలుపు దగ్గర టీ కాచుకునే కొండామె. సంతకని దిగి, పంచదారా టీపొడీ మూటగట్టుకుని పోతోంది. (ఇప్పుడైతే ఆ పొగమంచు చూడడానికి కార్లు వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. అప్పట్లో ఆ చలి అక్కడి వాళ్ళకే సొంతం.)

"అమ్మీ, అది సలికి ఆగుతాదా?" అంది.

"ఆగుతాదవ్వా" అన్నాను, ఇంకా రొప్పుతూనే.

"స్వామి తొడుక్కున్నదంట, నీకెందుకవ్వా" అన్నారు పక్కనెవరో.

"మరీ మంచిది. నేను తానం సెయ్యకండా పొయ్యి ముట్టించను" అని, మూట నా చేతికిచ్చి, భుజం మీద ముడివేసి కట్టుకున్న చీర మీదే కోటు తొడుక్కుంది. కాలరు పైకి లేపింది. చేతులు రెండు మడతలు పెట్టింది. జేబుల్లో చేతులు దూర్చి లోతు చూసుకుంది. అద్దం ముందు నిలబడి చాలాసేపు తనని తాను చూసుకుని, "ఇంకిది నేను ఇప్పను. ఈ దర సీటీ తెంపీ" అంది. బేరంలో షావుకారుగారినే చెమటలు పట్టించింది కానీ కోటు మాత్రం ఒంటిమీద నుంచి దించలేదు.

ఆమె వెళ్ళాక షావుకారుగారు నా వంక చూసి, "నోరుందే నీకు. రేపట్నించి కౌంటరు మీద నిలబడు" అన్నారు. చూశారా? కోటు అమ్మినందుకు కాదట, నోరున్నందుకట! ఆ మాటకి కూడా కోపమే వచ్చింది కానీ, ఈసారి మింగేశాను. ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. నా రెండు చేతులూ దగ్గరికి తీసుకుని, దీపం వైపుకి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ చూసింది. "అయితే ఇయి ఇలాగే ఉంటాయన్నమాట" అంది.

ఆ తర్వాతి చలికాలం ఘాటీ మీదుగా జీపులో వెళ్తుంటే ఆ అవ్వ కనిపించింది. నల్లకోటు, పైజేబులో గరిటె, బొత్తం కంతలో అడవిపువ్వు ఒకటి. నేను దొరబాబుకి ఎన్ని రకాలుగా కట్టినా ఇలా ఒక్కసారి కుదరలేదు. ఆమె నన్ను చూసి, "స్వామి తల్లివి కదేటి నువ్వు?" అని టీ పోసింది. అక్కడా అదే పేరు!

ఇందాక మా అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు, ఎవరూ చూడకుండా దాని కోటు నా మీగడరంగు చీర మీద వేసుకున్నాను. బొత్తాలు పెట్టబోతే రెండు వైపులూ ఒకదాన్నొకటి కలుసుకోనన్నాయి. కాలరు పైకి లేపి అద్దంలో చూసుకుంటే, ఎక్కడో లోపల ఓణీ వేసుకున్న ఆ నోరున్న పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని నా వంక కోపంగా చూస్తోంది. నవ్వొచ్చింది నాకు. ఎంత కోపమే తల్లీ నీకు, అనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి అమ్మాయి తలకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఉండమ్మా, విప్పకు, ఫోటో తీస్తాను" అంది. తీసి, ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "చీర లేతరంగు కదా, నలుపు బలే తేలిందే" అని నాకే చెప్పింది!

సరే, పొద్దుపోతోంది, మీ ఇంట్లోనూ పని ఉంటుంది, లేవండి. మీ ఇంటి దండెం మీద అన్ని రంగుల బట్టలూ ఆరాలి. మీ పిల్లల చేతులు ఏ మంటా ఎరగకుండా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్లలకి నోరుండాలి, ఆ నోటికి ఒక కౌంటరు దొరకాలి. చల్లగా ఉండండి.